గడ్డం తొండ కింద ఇసుక

మొన్న శనివారం గరాజ్ సర్దుతుంటే పాత పెయింటు డబ్బాల వెనకాల ఒక ప్లాస్టిక్ సంచీ దొరికింది. సగానికి పైగా నీలం రంగు ఇసుక. సంచీ మీద రాయెక్కి కూర్చున్న బల్లి బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో, మింగినా నూటికి నూరుపాళ్లూ అరిగిపోతుందని హామీ. 2007లో కొన్నది. మధ్యలో రెండిళ్లు మారాం, మాతోపాటే అదీ వచ్చింది. ఎందుకు పారెయ్యలేదో నాకే తెలీదు.

అదే వారం మా అమ్మాయి ఫోన్ చేసింది. అప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల, ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటోంది. "నాన్నా, మళ్లీ ఒక బియర్డెడ్ డ్రాగన్ని తెచ్చుకుందామనుకుంటున్నా. ఈసారి కింద ఏం వెయ్యాలి?" అంది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "రెండ్రోజులాగు, చెప్తానమ్మా" అన్నాను. ఆ రెండ్రోజులూ తలలో తిరిగిందంతా ఈ టపా. బల్లులంటే ఆమడదూరం పరిగెత్తే వాళ్లు కూడా చదవొచ్చు, కరవదు :)

ముందు జంతువు గురించి. బియర్డెడ్ డ్రాగన్ అంటే మనకి మరీ కొత్తదేం కాదు. మన కంచెల మీద తలకాయ ఆడిస్తూ కూర్చునే తొండా ఇదీ ఒకే కుటుంబం, పేరు అగామిడే. అదే తలాడింపు, అదే ఎండ పిచ్చి. ఇది కాస్త పెద్దది, మూతి నుంచి తోక దాకా అడుగున్నర నుంచి రెండడుగులు. కోపమొస్తే గొంతు కింద ముళ్ల సంచీని ఉబ్బించి నల్లగా చేస్తుంది, అదే గడ్డం. చిన్నప్పుడు ఈనెపుల్లకి ఉచ్చు కట్టి తొండల్ని పట్టిన పాపం నాది. ఆ పాపమే ఇలా గాజు పెట్టెలో ఇంటికొచ్చిందని మా ఆవిడ అనేది. తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందంటారు మనవాళ్లు. మా ఇంట్లో ముదిరి డ్రాగన్ అయింది. అమ్మాయి దానికి రస్టీ అని పేరు పెట్టింది. మా ఆవిడ మాత్రం గడ్డం తాత అనే పిలిచేది.

దుకాణంలో కుర్రాడు గాజు పెట్టె, ఎర్ర బల్బు, అతికించే గుండ్రటి థర్మామీటరు, ఈ ఇసుక, అన్నీ ఒక బండిలో పేర్చి ఇచ్చాడు. "ఎడారి జంతువు సార్, ఇసుక ఉంటేనే హాయిగా ఉంటుంది. ఇందులో కాల్షియం కూడా ఉంది, తిన్నా మంచిదే" అన్నాడు. నాకు చాలా లాజికల్‌గా అనిపించింది. ఒకే వస్తువు, రెండు పనులు.

రెండు నెలలు తిరక్కుండానే రస్టీ తిండి మానేసింది. తర్వాత వెనక కాళ్లు ఈడవటం మొదలుపెట్టింది. సరీసృపాలు చూసే డాక్టరు నలభై మైళ్ల దూరంలో దొరికింది. ఎక్స్‌రే తీసి లైటు మీద పెట్టింది. పొట్ట నిండా తెల్లగా ఒక ముద్ద. నా కూతురు ఆ ముద్దని వేలితో చూపించి "అది ఇసుకా?" అని అడిగింది. డాక్టరమ్మ అవునంది. తర్వాత ఆవిడ నన్ను మూడు ప్రశ్నలడిగింది. అవేమిటో చివర్లో చెప్తాను, ఎందుకంటే ఆరోజు నేను వాటిని సరిగ్గా వినలేదు. ఇసుక అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. ఆ ఆదివారం రస్టీ చచ్చిపోయింది. పెరట్లో మేపుల్ చెట్టు కింద పాతిపెట్టాం.

అప్పట్నుంచి కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, ఇసుక చంపేసిందని. కోపం తీరక, అసలు ఈ ఇసుక ఎవడు మొదలుపెట్టాడా అని చదవటం మొదలుపెట్టాను. అలా దొరికిందే ఈ చరిత్ర.

ఈ జాతుల్లో ఒకదానికి 1829లో ఫ్రాన్సులో క్యూవియె పేరు పెట్టాడు. అది తూర్పు తీరపు గడ్డం తొండ. మనం ఇళ్లల్లో పెంచేది దాని లోనాటు చుట్టం, పోగోనా విట్టిసెప్స్. దీన్ని 1926లో బెర్లిన్‌లో ఎర్న్‌స్ట్ ఆల్ అనే జంతుశాస్త్రవేత్త వర్ణించాడు. పోగోనా అన్న ప్రజాతిని 1982లో పశ్చిమ ఆస్ట్రేలియా మ్యూజియంకి చెందిన గ్లెన్ స్టోర్ విడదీశాడు. గ్రీకులో పోగోన్ అంటే గడ్డం. అంటే మా ఆవిడ పెట్టిన పేరే సైన్సు ప్రకారం కరెక్టు.

ఇక్కడే అసలు మలుపు. ఆస్ట్రేలియా తన జంతువుల్ని వ్యాపారం కోసం బయటికి పంపటాన్ని 1960ల్లోనే ఆపేసింది. 1982లో అడవి జంతువుల ఎగుమతి దిగుమతుల మీద ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేసింది. అయినా 1970, 80 దశకాల్లో కొన్ని జంతువులు దొంగదారిన యూరప్ చేరాయి, ముఖ్యంగా జర్మనీకి. అక్కడి పెంపకందార్ల దగ్గర పిల్లలు పెట్టాయి. అక్కణ్ణుంచి 1980ల చివర్లో, 1990ల మొదట్లో అమెరికా వచ్చాయి. ఒక్కో ఆడది కాన్పుకి ఇరవై దాకా గుడ్లు, ఏడాదికి ఒకటి కంటే ఎక్కువ కాన్పులు. పదేళ్లలో దుకాణాల నిండా అవే.

సమయం కూడా కలిసొచ్చింది. 1993లో జురాసిక్ పార్క్ సినిమా వచ్చింది, ప్రతి పిల్లవాడికీ ఇంట్లో ఒక చిన్న డైనోసార్ కావాలి. మొదట ఇగ్వానాలు కొన్నారు, అవి ఏటా లక్షల్లో దిగుమతయ్యాయి. కానీ ఇగ్వానా అయిదారడుగులు పెరుగుతుంది, తోకతో చెళ్లున కొడుతుంది. దానికంటే చిన్నగా, భుజమ్మీద బుద్ధిగా కూర్చునే ఈ గడ్డం తొండ జనానికి నచ్చేసింది.

ఇప్పుడు ఆలోచించండి. తల్లులు తాతలు దొంగదారిన వచ్చినవి, పిల్లలు జర్మనీలోనో కాలిఫోర్నియాలోనో పుట్టినవి. కొన్న కుటుంబాల్లో దాని సొంత ఊరు చూసినవాళ్లు ఎందరుంటారు? అందరి దగ్గరా ఉన్నది ఒక్క మాట, ఎడారి. ఎడారి అంటే సినిమాలో చూసిన ఇసుక తిన్నెలు. దుకాణంలో గాజు పెట్టె వెనక్కి అతికించే పోస్టరు కూడా కొన్నాం మేము. ఎర్ర ఇసుక తిన్నె, పక్కన ముళ్ల కాక్టస్. తీరా చదివితే కాక్టస్ జాతులు ఆస్ట్రేలియావి కానే కావు! బయట్నుంచి తెచ్చిన నాగజెముడు క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ పొలాలన్నీ ఆక్రమించి రైతుల్ని తరిమేస్తే, దాన్ని తినడానికి అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే రెక్కల పురుగుని తెచ్చి 1926లో వదిలారు. బెర్లిన్‌లో మన తొండకి పేరు పెట్టిన ఏడాదే అది. ఆ పోస్టరు గీసినవాడికి ఇవేవీ తెలిసుండవు. ఆ మాటకొస్తే కొన్న నాకు మాత్రం తెలుసా?

మరి దాని సొంత ఊళ్లో నేల ఎలా ఉంటుంది? ఆస్ట్రేలియా తూర్పు భాగంలో సముద్రానికి దూరంగా, లోపలి నాటు ప్రాంతం. ఎండ మండే చోటే, కానీ పొదలు, చిన్న చెట్లు, ఎండుగడ్డి ఉన్న మెట్ట. ఇసుక నేలలూ ఉన్నాయి, గట్టిపడిన ఎర్రమట్టి, రాళ్లూ ఉన్నాయి. చాలాచోట్ల ఇసుక, బంకమన్ను కలిసి ఎండకి గిట్టకట్టుకుపోయి ఉంటుంది. మన రాయలసీమ ఎర్రనేల ఏప్రిల్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా ఇది సగం చెట్ల జీవి. పగలు మొద్దుల మీద, పొలాల కంచె గుంజల మీద ఎక్కి కూర్చుంటుంది. మరీ ఎండగా ఉంటే, లేదా చలికాలం నిద్రకి, నేలలో బొరియ తీసుకుంటుంది. తవ్వితే బొరియ నిలబడాలి కదా. సంచీలో వచ్చే పొడి ఇసుకలో బొరియ నిలబడదు, కూలిపోతుంది.

ఇక గాజు పెట్టెల్లోకి వద్దాం. ఈ ముప్పై ఏళ్లలో ఈ జంతువు కాళ్ల కింద ఎన్ని నేలలు మారాయో చూస్తే, మా ఆఫీసులో ఏడాదికో కొత్త ఫ్రేమ్‌వర్క్ వచ్చినట్టుంటుంది.

మొదట్నుంచీ ఉన్నది న్యూస్‌పేపరు, పేపర్ టవలు. వందల పిల్లల్ని పెంచేవాళ్లకి ఇదే దిక్కు. చవక, మురికైతే తీసి పారెయ్యొచ్చు, రెట్ట ఎలా ఉందో కనిపిస్తుంది. అందం మాత్రం సున్నా. ఇంటి హాల్లో పెట్టుకునేవాళ్లకి అందం కావాలి. అందుకని ఇసుక వచ్చింది, పిల్లలు ఆడుకునే గుంటల్లో పోసే కడిగిన ఇసుక. మింగితే పేగులో అడ్డం పడుతుందని కొందరు పెంపకందార్లు, డాక్టర్లు మొత్తుకున్నారు.

ఆ భయానికి మార్కెట్ కనిపెట్టిన మందే నా గరాజ్‌లో దొరికిన సంచీ. మామూలు ఇసుక బదులు కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద, గింజలుగా చేసి రంగులద్దారు. కడుపులో ఆమ్లం సుద్దని కరిగిస్తుంది, నిజమే. అయితే సుద్ద కూడా ఆ ఆమ్లాన్ని చంపేస్తుంది. అజీర్తికి మనం నమిలే టమ్స్ మాత్రలో ఉన్నది ఇదే. ఒక మాత్ర వేసుకుంటే పరవాలేదు, డబ్బా అంతా మింగితే? ఆమ్లం అయిపోతుంది, మిగిలింది తడిసి ముద్దవుతుంది. పైగా కాల్షియం తక్కువైన జంతువు దాన్ని కావాలనే నాకి తినొచ్చు. మామూలు ఇసుక పొరపాటున లోపలికి పోతే, ఇది పిలిచి మరీ పోతుంది.

తర్వాత అక్రోటు పెంకుల పొడి అమ్మారు. చూడ్డానికి చక్కటి గోధుమరంగు, కానీ ముక్కల అంచులు పదును, అరగవు. మొక్కజొన్న కండెల పొడి తేమ పీల్చి ఉబ్బుతుంది, బూజు పడుతుంది. దేవదారు చెక్కపొట్టు ఘాటు నూనెలు వదులుతుంది, మూసిన పెట్టెలో ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఇవన్నీ ఏదో ఒక జంతువు కోసం అప్పటికే ఉన్న సరుకులు.

ఎదురుదెబ్బలు తిన్నాక అటువైపు గాలి వీచింది. కింద విడి పదార్థం అనేదే వద్దు అన్నారు. పచ్చ రంగు సరీసృపాల కార్పెట్ వచ్చింది. దాని పోగుల్లో గోళ్లు ఇరుక్కుని వేళ్లు వాస్తాయి, రెట్ట పోగుల్లోకి దిగి ఎంత ఉతికినా పూర్తిగా పోదు. దానికంటే టైల్ నయమని జనం హార్డ్‌వేర్ షాపుల దారి పట్టారు. గరుకుగా ఉన్న సిరామిక్ టైల్, నల్ల పలకరాయి. వేడి పట్టి ఉంచుతుంది, గోళ్లు అరుగుతాయి, తడిగుడ్డతో తుడిస్తే సరి. ఫోన్లో మా నాన్నకి ఇది చెప్తే పెద్దగా నవ్వాడు. "ఒరేయ్, మనింట్లో బేతంచెర్ల బండలు పరిచాం కదా, దాని మీద బల్లులు తిరగట్లా? దీనికోసం అమెరికా వెళ్లి నేర్చుకోవాలా?"

నేనూ టైల్ మతంలో చేరిపోయాను. 2011లో మా ఊళ్లో ఒక తెలుగు స్నేహితుడు వాళ్లబ్బాయికి గడ్డం తొండ కొంటున్నాడని తెలిసి, పనిగట్టుకుని ఇంటికెళ్లాను. రస్టీ కథ చెప్పాను. "ఇసుక మాత్రం వద్దు అన్నయ్యా, టైల్ వెయ్యి, ఇంక ఏ బాధా ఉండదు" అని హామీ ఇచ్చాను. ఆయన నమ్మాడు. గరుకు టైల్ కోయించి ముచ్చటగా పరిచాడు. ఆర్నెల్లకి ఫోన్ చేశాడు. "దాని దవడ మెత్తగా అయిపోయింది, కాళ్లు వణుకుతున్నాయి" అన్నాడు. ఆ ఇంట్లో ఇసుక రేణువు కూడా లేదు.

ఆ జంతువు బతికింది, కానీ దవడ వంకర అలాగే ఉండిపోయింది. ఆయన నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆరోజు రాత్రి రస్టీ డాక్టరమ్మ అడిగిన మూడు ప్రశ్నలూ గుర్తొచ్చాయి. బల్బు కింద రాయి వేడి ఎంతుంది? యూవీబీ ట్యూబు పెట్టారా? కాల్షియం పొడి ఎన్నాళ్లకోసారి చల్లుతున్నారు?

నా జవాబులు ఇవి. వేడి ఎంతో తెలీదు. అతికించిన థర్మామీటరు అద్దం వేడి చెప్పేది, అది కూర్చునే రాయి వేడి చెప్పదు. ఈ జంతువులకి ఒంట్లో పొయ్యి లేదు, బయటి వేడితోనే తిన్నది అరగాలి. కూర్చునే చోటు దాదాపు 38 నుంచి 42 సెల్సియస్, అంటే 100 నుంచి 108 ఫారన్‌హీట్ ఉండాలి. మా ఎర్ర బల్బు అంత ఇచ్చుంటుందని నేననుకోను. యూవీబీ ట్యూబు లేదు. అవి 1990ల నుంచే దొరుకుతున్నా, కిటికీ పక్కన పెట్టాను కదా ఎండ తగుల్తోంది అనుకున్నాను. కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుందని నాకు తెలీదు. ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో డి3 తయారవదు, డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. ఎముకలు మెత్తబడతాయి. కండరం ముడుచుకోవాలన్నా కాల్షియమే కావాలి, పేగు కూడా కండరమే, అది తోసే పని మానేస్తుంది. ఇక పొడి చల్లనే లేదు, ఎందుకంటే ఇసుకలోనే కాల్షియం ఉందని సంచీ చెప్పింది.

అంటే రస్టీ ఇసుక తినకముందే జబ్బు పడి ఉండొచ్చు. ఆరోగ్యంగా, వెచ్చగా, నీళ్లు సరిగ్గా అందుతూ ఉన్న పెద్ద జంతువు పురుగుతోపాటు కాస్త మట్టి మింగితే రెట్టలో పోతుంది, అడవిలో జరిగేది అదే. చల్లగా, కాల్షియం లేక, వాడిపోయి ఉన్న పిల్ల జంతువుకి అదే చాలు. నేను ఎక్స్‌రేలో కనిపించినదాన్నే నిందించాను. వేడి, వెలుతురు ఎక్స్‌రేలో కనపడవు. ఆఫీసులో సర్వర్ పడిపోతే లాగ్‌లో ఆఖరి లైను చూసి తీర్పు చెప్పేవాణ్ణి నేనే నాలుగు తిట్టి కూర్చోబెడతాను. ఇంట్లో నేను చేసింది అదే పని, పైగా ఆ తీర్పు పట్టుకెళ్లి ఇంకొకరింట్లో అమలు చేయించాను.

కంపెనీల ఇసుక మంచిదని చెప్పటం లేదు. ఆ సంచీ మీద మాట ముమ్మాటికీ తప్పే. అది ఇసుకగా చేసిన కీడు ఒకటి, కాల్షియం పొడి అక్కర్లేదని నన్ను నమ్మించి చేసిన కీడు ఇంకొకటి. రెండోదే పెద్దదని ఇప్పుడనుకుంటున్నాను.

ఈమధ్య పెంచేవాళ్ల ఆలోచన మళ్లీ మట్టి వైపు తిరిగింది. ఎరువులూ మందులూ కలపని తోటమట్టి రెండు పాళ్లు, కడిగిన ఇసుక ఒక పాలు, కొందరు కాస్త బంకమన్ను. తడిపి, అదిమి, ఆరబెడితే గట్టి నేల అవుతుంది, తవ్వితే బొరియ నిలబడుతుంది. కొందరు అందులో రెట్ట తిని శుభ్రం చేసే చిన్న చిన్న పురుగుల్ని కూడా వదులుతున్నారు. దొంగదారిన వచ్చిన జంతువుకి దాని సొంతూరి నేల లాంటిది అందటానికి ఇన్నేళ్లు పట్టింది.

రెండ్రోజుల తర్వాత అమ్మాయికి ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను. స్నేహితుడి ఇంటి సంగతితో సహా. అది దానికి తెలీదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, ఇప్పుడు ఏం చెయ్యమంటావో వరసగా చెప్పు" అంది.

చెప్పాను. మొదట నేల సంగతి వదిలెయ్. పెద్ద పెట్టె తీసుకో, పెద్దదయ్యేసరికి నాలుగడుగులు పొడవు, రెండడుగులు వెడల్పు కావాలి. ఒక మూల వేడి, ఇంకో మూల చల్లన, నిలువు ట్యూబు యూవీబీ, మధ్యలో గాజు లేకుండా. రాయి వేడి తుపాకీలాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడు. కాల్షియం పొడి పురుగుల మీద చల్లు. కొన్న వెంటనే రెట్ట పరీక్ష చేయించు. మొదటి నెలలు, పిల్లగా ఉన్నంతకాలం, పేపర్ టవలే. జబ్బు చేసినప్పుడు మళ్లీ పేపర్ టవలే. ఇవన్నీ కుదిరాక గరుకు టైల్ వెయ్యి, ఒక మూల లోతైన తొట్టిలో గట్టి మట్టి పెట్టు, తవ్వుకుంటుంది. ఆకుకూర పళ్లెంలో పెట్టు, తడి ఆకుకి మట్టి అంటకుండా. రంగు ఇసుక, అక్రోటు పెంకులు, చెక్కపొట్టు వద్దు. దాన్ని ముట్టుకున్నప్పుడల్లా చేతులు సబ్బుతో కడుక్కో, సాల్మొనెల్లా ఉంటుంది. 2014లో ఈ జంతువుల వల్లే వచ్చిన సాల్మొనెల్లా జబ్బుల గురించి సీడీసీ హెచ్చరించింది కూడా. వంటింటి సింకులో దాని సామాను తోమకు.

"అన్నీ రాసుకున్నా. మరి రస్టీ విషయంలో తప్పు ఎవరిది నాన్నా?" అంది.

"ఇసుకది కొంత. మిగతాది నాది" అన్నాను.

"నాకు తొమ్మిదేళ్లు. కిటికీ పక్కన పెడదామన్నది నేనే, గుర్తుందా?" అంది.

నాకు గుర్తులేదు. ఇన్నేళ్లూ అది దాని మనసులో ఉందని కూడా నాకు తెలీదు. నేను ఊరంతా తిరిగి ఇసుక ఇసుక అంటుంటే, అది మాత్రం కిటికీ గురించి ఆలోచిస్తూ పెరిగిందన్నమాట. "పెట్టింది నేనమ్మా. నువ్వు అడిగావంతే" అన్నాను. ఫోన్ పెట్టేశాక గరాజ్‌లోకెళ్లి ఆ సంచీ తీసి చెత్తబుట్టలో వేశాను.

నిన్న ఫోటో పంపింది. ఇంకా జంతువు రాలేదు, ఖాళీ పెట్టె. అడుగున పేపర్ టవలు, పైన ట్యూబు లైటు వెలుగుతోంది. రాయి మీద థర్మామీటరు పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తోంది, అంకె 104.